మేవెన్‌తో పలు మాడ్యూళ్ల జావా ప్రాజెక్టు బిల్డ్: తరచుగా అడిగే ప్రశ్నలు

జావా ప్రాజెక్టు నాలుగైదు మాడ్యూళ్లుగా విడిపోయాక మేవెన్‌తో (కోడ్‌ను కంపైల్ చేసి, టెస్టులు నడిపి జార్‌గా కట్టే సాధనం) వచ్చే చిక్కుల్లో ఎక్కువ భాగానికి మూలం ఒకటే. ఒక మాడ్యూల్‌కు కావలసిన జార్‌ను (కంపైల్ అయిన క్లాసుల కట్టను) మేవెన్ ఎక్కడి నుంచి తెచ్చుకుందో మనకు తెలియదు. పక్క ఫోల్డర్లో ఇప్పుడే కంపైల్ అయినదా, లేక ఇంటి ఫోల్డర్లోని .ఎం2 లో (మేవెన్ జార్‌లు దాచుకునే చోటు) పోయిన వారం నుంచి పడి ఉన్నదా? కింది జవాబుల్లో ఈ ప్రశ్న పదేపదే వస్తుంది.

ఉదాహరణకు "గ్రంథాలయం" అనే ప్రాజెక్టు తీసుకుందాం. అందులో నాలుగు మాడ్యూళ్లు: కోర్, డేటా, వెబ్, రిపోర్ట్. డేటాకు కోర్ కావాలి. వెబ్‌కు, రిపోర్ట్‌కు కోర్, డేటా రెండూ కావాలి. కమాండ్‌లన్నీ తెలుగు లిపిలోనే రాశాం. టైప్ చేసేది ఇంగ్లిష్ అక్షరాల్లోనే, ఎంవీఎన్ అంటే ఆ మూడక్షరాలే. అక్షరం పెద్దదా చిన్నదా అన్నది ముఖ్యమైన కొన్ని చోట్ల విడిగా చెప్పాం.

మేవెన్ సరిగ్గా ఇన్‌స్టాల్ అయిందని ఎలా తెలుస్తుంది?

టెర్మినల్లో "ఎంవీఎన్ -వీ" కొట్టండి (చిన్న వీ). మేవెన్ వెర్షన్ చూసి ఊరుకోకండి, కింద వచ్చే జావా వెర్షన్ లైను ఇంకా ముఖ్యం. మేవెన్ వాడే జావా, మీరు "జావా -వెర్షన్" కొడితే కనిపించే జావా ఒకటే కానక్కర్లేదు. మేవెన్ ముందుగా జావా_హోమ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను చూస్తుంది. దాన్ని మార్చాక పాత టెర్మినల్ మూసి కొత్తది తెరవాలి, లేకపోతే పాత విలువే నడుస్తుంది. మేవెన్ 3.9 నడవడానికి జావా 8 చాలు, మేవెన్ 4 కు 17 కావాలి.

రూట్ పామ్ ఫైల్లో ఏమేం ఉండాలి?

పామ్ అంటే మేవెన్ సెట్టింగులు ఉండే ఫైలు, రూట్ పామ్ ప్రాజెక్టు పై ఫోల్డర్లో ఉంటుంది. అందులో ప్యాకేజింగ్ విలువ "పామ్" అని, మాడ్యూల్స్ ట్యాగులో నాలుగు ఫోల్డర్ల పేర్లు. అటువైపు ప్రతి మాడ్యూల్ పామ్‌లో పేరెంట్ ట్యాగు ఉంటుంది. ఈ రెండూ వేర్వేరు సంబంధాలు. మాడ్యూల్స్ జాబితా "వీటన్నిటినీ కలిపి బిల్డ్ చెయ్యి" అంటుంది, పేరెంట్ ట్యాగు "సెట్టింగులు అక్కడి నుంచి తీసుకో" అంటుంది. ఒకటి రాసి రెండోది మరిచిపోయినా మేవెన్ కొన్నాళ్లు కిక్కురుమనదు.

పేరెంట్ దొరకలేదనే ఎర్రర్ (నాన్-రిజాల్వబుల్ పేరెంట్ పామ్) వస్తే రిలేటివ్‌పాత్ చూడండి. ఏమీ రాయకపోతే మేవెన్ ఒక మెట్టు పై ఫోల్డర్లోని పామ్ కోసం వెతుకుతుంది. మాడ్యూల్ రెండు మెట్లు లోపల ఉంటే దారి మీరే రాయాలి.

మాడ్యూళ్లు ఏ వరుసలో కంపైల్ అవుతాయి? జాబితాలో నేను రాసిన వరుసలోనేనా?

కాదు. ఎవరికి ఎవరు కావాలో చూసి మేవెన్ తనే వరుస వేసుకుంటుంది. ఆ పని చేసే భాగాన్ని రియాక్టర్ అంటారు. జాబితాలో వెబ్‌ను ముందు రాసినా కోర్, డేటా అయ్యాకే దాని వంతు. ఒకదానితో ఒకటి సంబంధం లేని మాడ్యూళ్ల విషయంలో మాత్రం మీ వరుసనే పాటిస్తుంది. బిల్డ్ మొదట్లో "రియాక్టర్ బిల్డ్ ఆర్డర్" అనే శీర్షిక కింద ఈ వరుస కనిపిస్తుంది.

కంపైల్, ప్యాకేజ్, వెరిఫై, ఇన్‌స్టాల్: దేన్ని ఎప్పుడు వాడాలి?

ఇవి ఒకే దారిలో వరుసగా వచ్చే మజిలీలు. ఏ మజిలీ పేరు చెబితే దానికి ముందున్నవన్నీ జరుగుతాయి. కంపైల్ అంటే టార్గెట్ ఫోల్డర్లో క్లాస్ ఫైళ్లు తయారవుతాయి. ప్యాకేజ్ అంటే టెస్టులు నడిచి జార్ తయారవుతుంది. వెరిఫై అంటే ఇంటిగ్రేషన్ టెస్టుల్లాంటి తనిఖీలు కూడా పూర్తవుతాయి. ఇన్‌స్టాల్ అంటే ఆ జార్ .ఎం2 లోకి కాపీ అవుతుంది. డిప్లాయ్ అంటే జట్టంతా వాడే రిపాజిటరీ సర్వర్‌కు వెళ్తుంది.

చాలామందికి "ఎంవీఎన్ క్లీన్ ఇన్‌స్టాల్" నోటికి అలవాటైపోయింది. ప్రాజెక్టు మొత్తాన్ని రూట్ నుంచి బిల్డ్ చేస్తున్నప్పుడు దాని అవసరం లేదు, "ఎంవీఎన్ వెరిఫై" చాలు. రియాక్టర్‌లో ఉన్న మాడ్యూళ్లు ఒకదాని ఫలితాన్ని మరొకటి నేరుగా తీసుకుంటాయి. పైగా ఇన్‌స్టాల్ చేసిన ప్రతిసారీ .ఎం2 లో ఒక కాపీ మిగులుతుంది. తర్వాత మీరు బ్రాంచ్ మార్చినా ఆ కాపీ మారదు. రేపటి తలనొప్పికి విత్తనం అక్కడే పడుతుంది.

ఒక మినహాయింపు. ఒక మాడ్యూల్ మరో మాడ్యూల్ టెస్ట్ క్లాసుల్ని (టెస్ట్-జార్) వాడుకుంటుంటే "కంపైల్" దగ్గర ఆగినప్పుడు అది దొరకదు, కనీసం "టెస్ట్-కంపైల్" దాకా వెళ్లాలి. జార్‌గా కట్టాకే రూపం మారే వాటికి, అంటే షేడ్ చేసిన (ఇతర లైబ్రరీలను లోపల కలిపేసిన) జార్‌ల లాంటి వాటికి, "ప్యాకేజ్" దాకా వెళ్లక తప్పదు.

ఒక్క వెబ్ మాడ్యూల్‌నే బిల్డ్ చేయాలి. ఎలా?

రూట్ ఫోల్డర్లో నిలబడి "ఎంవీఎన్ వెరిఫై -పీఎల్ వెబ్ -ఏఎం". పీఎల్ తర్వాత ఫోల్డర్ దారి అయినా ఇవ్వొచ్చు, ముందు కోలన్ పెట్టి ఆర్టిఫాక్ట్ ఐడీ (పామ్‌లో రాసిన మాడ్యూల్ పేరు) అయినా ఇవ్వొచ్చు. ఈ రెండూ వేర్వేరుగా ఉన్న ప్రాజెక్టుల్లో కోలన్ మరిచిపోతే "ఎంపిక చేసిన ప్రాజెక్టు రియాక్టర్‌లో లేదు" అనే అర్థం వచ్చే ఎర్రర్ కనిపిస్తుంది. వెబ్ ఫోల్డర్ లోపల నిలబడి పీఎల్ ఇచ్చినా అదే గతి.

చివరి ఏఎం మీద శ్రద్ధ పెట్టండి. అది లేకుండా "-పీఎల్ వెబ్" అని మాత్రమే ఇస్తే మేవెన్ 3 రియాక్టర్‌లో వెబ్ ఒక్కటే ఉంటుంది. కోర్, డేటా పక్క ఫోల్డర్లలోనే ఉన్నా మేవెన్ వాటి వైపు కన్నెత్తి చూడదు, .ఎం2 లో వెతుకుతుంది. అక్కడ లేకపోతే ఎర్రర్ వస్తుంది, అది మన అదృష్టం. ఉంటే, ఎప్పటిదో పాత కోర్‌తో వెబ్ చక్కగా కంపైల్ అయి "బిల్డ్ సక్సెస్" అని ఆకుపచ్చ రంగులో కనిపిస్తుంది. మీరు కోర్‌లో చేసిన మార్పు మాత్రం అందులో ఉండదు. వెబ్ ఫోల్డర్లోకి వెళ్లి "ఎంవీఎన్ ప్యాకేజ్" కొట్టినా జరిగేది ఇదే.

ఏఎం అంటే "వెబ్‌కు కావలసినవి కూడా". ఏఎండీ అంటే "దీని మీద ఆధారపడినవి కూడా". కోర్‌లో ఒక మెథడ్ సంతకం మార్చారు, ఎవరెవరు విరిగారో చూడాలంటే "-పీఎల్ కోర్ -ఏఎండీ". డేటా నుంచే మొదలుపెడితే "-పీఎల్ డేటా -ఏఎం -ఏఎండీ" అని రెండూ కలిపి ఇవ్వండి, లేకపోతే కోర్ మళ్లీ .ఎం2 నుంచే వస్తుంది.

ఒక మాడ్యూల్ వద్దనుకుంటే పేరు ముందు ఆశ్చర్యార్థకం పెట్టాలి. బ్యాష్‌లో ఆ గుర్తుకు వేరే అర్థం ఉంది కాబట్టి మొత్తాన్ని సింగిల్ కోట్స్‌లో ఉంచండి.

నాలుగింట్లో మూడోది ఫెయిలైంది. మళ్లీ మొదటి నుంచీ నడపాలా?

ఫెయిలైనప్పుడు మేవెనే చివర్లో సలహా ఇస్తుంది: "-ఆర్‌ఎఫ్ :వెబ్" జోడించి నడపమని. తీసుకోదగ్గ సలహానే, ఒక మెలికతో. "వెరిఫై"తో నడిపిన బిల్డ్‌ను ఇలా మధ్యలో అందుకుంటే మేవెన్ 3 లో కోర్, డేటా రియాక్టర్ బయట ఉండిపోతాయి. మళ్లీ .ఎం2 లో వెతుకులాట, మళ్లీ పాత జార్ ప్రమాదం. మొదటి పరుగు "ఇన్‌స్టాల్"తో అయి ఉంటేనే ఆర్‌ఎఫ్ నమ్మకంగా పనిచేస్తుంది. నలభై నిమిషాలు పట్టే బిల్డ్‌లకు అలా చేయండి. రెండు నిమిషాల బిల్డ్‌కైతే మొదటి నుంచి నడపడమే మేలు. మేవెన్ 4 ఈ రెండు సందర్భాల్లోనూ పక్క మాడ్యూళ్ల ఫలితాన్ని గుర్తుపెట్టుకునేలా మారింది.

ఒకటి ఫెయిలైనా దాంతో సంబంధం లేని మాడ్యూళ్లు ముందుకు సాగాలంటే "-ఎఫ్‌ఏఈ" ఇవ్వండి. రాత్రి నడిచే బిల్డ్‌లకు ఇది బాగుంటుంది. పొద్దున్నే ఒక ఎర్రర్ బదులు ఉన్న ఎర్రర్లన్నీ చేతికొస్తాయి.

కోడ్ మార్చాను, బిల్డ్ సక్సెస్ అంది, ప్రోగ్రామ్ మాత్రం పాత పద్ధతిలోనే నడుస్తోంది. ఎందుకు?

వరుసగా ఇవి చూడండి.

మొదట, కమాండ్ ఏ ఫోల్డర్ నుంచి, ఏ పీఎల్‌తో నడిచింది? ఏఎం లేకపోతే తొంభై పాళ్లు దొంగ దొరికినట్టే.

తర్వాత, అదే కమాండ్‌కు "-ఎక్స్" (పెద్ద ఎక్స్) జోడించి నడిపి, అవుట్‌పుట్‌ను ఒక ఫైల్లోకి మళ్లించండి. వేల లైన్లు వస్తాయి. అందులో కంపైలర్ ప్లగిన్ ముద్రించే క్లాస్‌పాత్ వెతకండి. కోర్ దారి "కోర్/టార్గెట్/క్లాసెస్" అనో, "కోర్/టార్గెట్" లోని జార్ అనో ఉంటే మంచిదే. ".ఎం2/రిపాజిటరీ" అని మొదలైతే జార్ అక్కడి నుంచి వస్తోంది. దాని తేదీ చూడండి.

అదీ సరిగ్గానే ఉంటే సర్వర్ వాడుతున్న వార్ ఫైలును (వెబ్ ప్రోగ్రామ్ మొత్తాన్ని కట్టిన ఫైలు) అనుమానించండి. జిప్ ఫైలు తెరిచినట్టే తెరిచి, లిబ్ ఫోల్డర్లో కోర్ జార్ రెండు వెర్షన్లలో ఉందేమో చూడండి. "క్లీన్" లేకుండా వెర్షన్ నంబరు మార్చినప్పుడు టార్గెట్‌లో పాతది మిగిలిపోవడం కొత్త సంగతేమీ కాదు.

డిపెండెన్సీ దొరకలేదంటోంది. సర్వర్‌లో పెట్టాక కూడా అదే ఎర్రర్!

ఎర్రర్ వాక్యం చివరిదాకా చదవండి. "ఈ వైఫల్యాన్ని లోకల్ రిపాజిటరీలో కాష్ చేశాం, గడువు తీరేదాకా మళ్లీ ప్రయత్నించం" అని ఉంటే అసలు సంగతి అదే. ఒకసారి దొరకకపోతే మేవెన్ .ఎం2 లో ఆ ఆర్టిఫాక్ట్ ఫోల్డర్లో "లాస్ట్‌అప్‌డేటెడ్" అనే ముగింపుతో ఒక చిన్న ఫైలు రాసుకుంటుంది. మామూలుగా గడువు ఒక రోజు. "-యూ" (పెద్ద యూ) ఇస్తే గడువు పక్కనపెట్టి మళ్లీ అడుగుతుంది. స్నాప్‌షాట్ (ఇంకా తయారీలో ఉన్న) వెర్షన్ల తాజా కాపీ కోసం వెళ్లేదీ రోజుకొకసారే కాబట్టి, పక్క జట్టు ఇప్పుడే పెట్టిన స్నాప్‌షాట్ కావాలన్నా అదే యూ.

దొరకనిది మీ సొంత మాడ్యూలే అయితే యూ ఏ సాయమూ చేయదు. పైన ఏఎం గురించి చెప్పింది మళ్లీ చదవండి.

.ఎం2 మొత్తం డిలీట్ చేస్తే పోలా?

పోతుంది, వందల మెగాబైట్ల డౌన్‌లోడ్ మళ్లీ మొదలవుతుంది. ఎలుక కోసం ఇల్లు తగలబెట్టినట్టు. పైగా అందులోని సెట్టింగ్స్ ఫైల్ కూడా పోతే ఆఫీసు సర్వర్ పాస్‌వర్డులు మళ్లీ రాసుకోవాలి. రిపాజిటరీ ఫోల్డర్లో మీ గ్రూప్ ఐడీకి సంబంధించిన ఉప ఫోల్డర్ ఒక్కటి తీసేయండి. పాడైన బయటి జార్ అయితే ఆ ఒక్క వెర్షన్ ఫోల్డర్ తీసేస్తే చాలు.

"ఇన్వాలిడ్ టార్గెట్ రిలీజ్: 17" అంటోంది. "సోర్స్ ఆప్షన్ 5" ఎర్రర్ మరొకటి. రెండిటికీ తేడా ఏమిటి?

దిశలు వేరు. మొదటిదాంట్లో పామ్ 17 అడుగుతోంది, మేవెన్ నడుస్తున్న జావా అంతకన్నా పాతది. ఎంవీఎన్ -వీ చూసి జావా_హోమ్ సరిచేయండి. రెండోదాంట్లో పామ్‌లో ఏ వెర్షనూ రాయలేదు, పాత కంపైలర్ ప్లగిన్ తన డిఫాల్ట్ 1.5 వాడింది, కొత్త జావా అంత పాత భాషను ఒప్పుకోవడం మానేసింది. రూట్ పామ్ ప్రాపర్టీల్లో "మేవెన్.కంపైలర్.రిలీజ్" విలువ రాస్తే తీరుతుంది.

సోర్స్, టార్గెట్ అని రెండు రాయడం కన్నా రిలీజ్ ఒక్కటి రాయడం మేలు. ఇది అలంకారం కోసం చెప్పే మాట కాదు. జావా 17 మీద సోర్స్ 8, టార్గెట్ 8 అని పెట్టి, జావా 11 లో వచ్చిన స్ట్రింగ్ క్లాసు మెథడ్ ఈజ్‌బ్లాంక్ వాడితే కంపైల్ అయిపోతుంది. జావా 8 ఉన్న సర్వర్‌లో నడిపినప్పుడు నోసచ్‌మెథడ్‌ఎర్రర్‌తో పడిపోతుంది. రిలీజ్ 8 అని ఉంటే కంపైలర్ ఇక్కడే పట్టుకుంటుంది. రిలీజ్ వాడాలంటే కంపైల్ చేసే జావా 9 గానీ ఆపైది గానీ కావాలి.

టెస్టులు వదిలేయడానికి రెండు స్విచ్‌లు ఎందుకు?

"-డీస్కిప్‌టెస్ట్స్" (డీ, టెస్ట్స్‌లోని మొదటి టీ పెద్దవి) టెస్టుల్ని కంపైల్ చేస్తుంది, నడపదు. "-డీమేవెన్.టెస్ట్.స్కిప్=ట్రూ" కంపైల్ కూడా చేయదు. రెండోది కొంచెం వేగం, కానీ టెస్ట్-జార్ వాడే మాడ్యూళ్లు దానితో విరుగుతాయి. పైగా టెస్ట్ కోడ్ కంపైల్ కాని స్థితిలో ఉన్నా తెలియదు. మొదటిదే వాడండి.

పవర్‌షెల్ వాడేవారికి: చుక్క ఉన్న ప్రాపర్టీని అది రెండుగా విరిచేస్తుంది. అప్పుడు మేవెన్ ".టెస్ట్.స్కిప్=ట్రూ" అనే లైఫ్‌సైకిల్ ఫేజ్ తెలియదంటుంది. ఆ ఆప్షన్ మొత్తాన్ని కోట్స్‌లో పెట్టండి, సరిపోతుంది.

వెబ్‌లోని ఒకే ఒక్క టెస్ట్ నడపాలనుకుంటే కోర్ ఫెయిలవుతోంది!

"-పీఎల్ వెబ్ -ఏఎం -డీటెస్ట్=సభ్యత్వటెస్ట్" అన్నప్పుడు మేవెన్ ఆ పేరు గల టెస్ట్‌ను కోర్‌లోనూ వెతుకుతుంది. లేదు కాబట్టి పొరపాటుగా లెక్కిస్తుంది. టెస్టులు నడిపే సర్‌ఫైర్ ప్లగిన్ 3 వాడుతుంటే "-డీసర్‌ఫైర్.ఫెయిల్‌ఇఫ్‌నోస్పెసిఫైడ్‌టెస్ట్స్=ఫాల్స్" జోడించండి.

మీ టెస్ట్ క్లాసు అసలు నడవడమే లేదంటే పేరు చూడండి. సర్‌ఫైర్ మామూలుగా తీసుకునేవి "టెస్ట్" అని మొదలయ్యేవి, లేదా "టెస్ట్", "టెస్ట్స్", "టెస్ట్‌కేస్" అని ముగిసేవి. "ఐటీ" అని ముగిసేవి ఫెయిల్‌సేఫ్ ప్లగిన్ వంతు, దాన్ని పామ్‌లో విడిగా పెట్టుకోవాలి.

కంపైల్ అవుతుంది, నడిపేటప్పుడు నోసచ్‌మెథడ్‌ఎర్రర్ వస్తోంది. మా కోడ్‌లో ఆ మెథడ్ ఊసే లేదు.

ఒకే లైబ్రరీ రెండు వెర్షన్లు పోటీ పడ్డాయి, మేవెన్ ఒకదాన్ని ఎంచింది. దాని నియమం "కొత్తది గెలుస్తుంది" కాదు, "దగ్గరిది గెలుస్తుంది". డిపెండెన్సీ చెట్టులో మీ మాడ్యూల్‌కు తక్కువ మెట్ల దూరంలో ఉన్నదే నిలుస్తుంది. దూరం సమానమైతే పామ్‌లో ముందు రాసినది. అలా పాత వెర్షన్ గెలవొచ్చు, కొత్త వెర్షన్‌లోని మెథడ్ కోసం చూసే వేరే లైబ్రరీ పడిపోవచ్చు.

చూడటానికి "ఎంవీఎన్ కంపైల్ డిపెండెన్సీ:ట్రీ -డీవెర్బోస్". ముందు "కంపైల్" ఎందుకంటే, ట్రీ ఒక్కటే అడిగితే మేవెన్ 3 పక్క మాడ్యూళ్లను .ఎం2 లో వెతుకుతుంది. ఫలితంలో "ఒమిటెడ్ ఫర్ కాన్‌ఫ్లిక్ట్" అని ఉన్న లైన్లు ఓడిపోయిన వెర్షన్లు. పరిష్కారం రూట్ పామ్ డిపెండెన్సీ మేనేజ్‌మెంట్‌లో ఒక్క వెర్షన్ రాసి ఖాయం చేయడం. అక్కడ రాసినది పరోక్షంగా వచ్చే లైబ్రరీల మీద కూడా నిలుస్తుంది. ఒక్కో మాడ్యూల్‌లో ఎక్స్‌క్లూజన్లు (ఈ లైబ్రరీ వద్దు అనే సెట్టింగులు) పెట్టుకుంటూ పోతే ఆరు నెలల తర్వాత ఏది ఎందుకు తీశారో ఎవరికీ గుర్తుండదు.

సైక్లిక్ రిఫరెన్స్ అంటే?

కోర్‌కు డేటా, డేటాకు కోర్ కావడం. చెట్టు ముందా విత్తు ముందా అన్న పంచాయితీ మేవెన్ తీర్చలేదు, బిల్డ్ మొదలే కాదు. రెండూ వాడే క్లాసుల్ని మూడో మాడ్యూల్‌లోకి తీయండి. టెస్ట్ స్కోప్‌లో ఉన్న (టెస్టులకు మాత్రమే కావలసిన) డిపెండెన్సీ కూడా లెక్కలోకి వస్తుంది. చాలాసార్లు చుట్టు పడేది అక్కడే.

వేగంగా చేయడం ఎలా?

"-టీ 1సీ" (రెండూ పెద్ద అక్షరాలే) అంటే ప్రాసెసర్ కోర్‌కు ఒక థ్రెడ్. గ్రంథాలయంలో వెబ్, రిపోర్ట్ ఒకేసారి నడుస్తాయి. కోర్ తర్వాతే డేటా కాబట్టి అక్కడ లాభం లేదు. మాడ్యూళ్లు గొలుసులా ఉంటే టీ ఎంత ఇచ్చినా అంతే, పక్కపక్కన ఉంటేనే ఫలితం. రెండు మాడ్యూళ్ల టెస్టులు ఒకే పోర్టునో, ఒకే తాత్కాలిక ఫైలునో వాడుతుంటే ఒకరోజు పాసై మరోరోజు ఫెయిలవుతాయి. నెట్‌తో పనిలేనప్పుడు "-ఓ" (చిన్నది) ఇస్తే సర్వర్‌ను అడగడం మానేస్తుంది.

మెమరీ చాలడం లేదు. మేవెన్_ఆప్ట్స్ పెంచినా మార్పు లేదు.

పడిపోయింది టెస్టులైతే మార్పు ఉండదు. సర్‌ఫైర్ టెస్టుల్ని వేరే జావా ప్రాసెస్‌లో నడుపుతుంది, మేవెన్_ఆప్ట్స్ (మేవెన్ నడిచే జావాకు ఇచ్చే ఆప్షన్లు) దానికి చేరదు. సర్‌ఫైర్ ఆకృతీకరణలో ఆర్గ్‌లైన్ అనే చోట ఎక్స్‌ఎంఎక్స్ (గరిష్ఠ మెమరీ) విలువ రాయాలి. జాకోకో కవరేజ్ కూడా వాడుతుంటే జాగ్రత్త. అదీ ఆర్గ్‌లైన్‌లోనే తన ఏజెంట్‌ను పెడుతుంది, మీరు రాసినది దాన్ని తుడిచేస్తే కవరేజ్ సున్నా అవుతుంది. మీ విలువకు ముందు ఎట్ గుర్తు, పుష్ప బ్రాకెట్లలో ఆర్గ్‌లైన్ అని రాస్తే రెండూ నిలుస్తాయి.

ఇంట్లో పనిచేసే బిల్డ్ ఆఫీసు నెట్‌వర్క్‌లో డౌన్‌లోడ్ దగ్గరే ఆగుతోంది.

"పీకేఐఎక్స్ పాత్ బిల్డింగ్ ఫెయిల్డ్" అంటే ఆఫీసు ప్రాక్సీ తన సర్టిఫికెట్‌ను మధ్యలో పెడుతోంది, జావాకు అది తెలియదు. బ్రౌజర్‌కు తెలిసినా చాలదు, జావాకు సొంత సర్టిఫికెట్ల పెట్టె ఉంటుంది. నెట్‌వర్క్ విభాగం నుంచి రూట్ సర్టిఫికెట్ తీసుకుని కీటూల్‌తో అందులో చేర్చండి. ఏ జావాలో? ఎంవీఎన్ -వీ చూపిన జావాలో. కొత్త జావా ఇన్‌స్టాల్ చేసినప్పుడల్లా మళ్లీ చేర్చాలి.

కనెక్షన్ టైమౌట్ అయితే సెట్టింగ్స్ ఫైల్లో ప్రాక్సీ వివరాలు లేవేమో చూడండి. "హెచ్‌టీటీపీ బ్లాకర్" అనే పేరు కనిపిస్తే మీ పామ్‌లోనో, ఏ పాత లైబ్రరీ పామ్‌లోనో ఎస్ లేని హెచ్‌టీటీపీ చిరునామా ఉంది. 2021 లో వచ్చిన మేవెన్ 3.8.1 నుంచి వాటిని ఆపేస్తున్నారు. సెంట్రల్ రిపాజిటరీ అయితే 2020 జనవరి నుంచే హెచ్‌టీటీపీఎస్ తప్ప ఒప్పుకోవడం లేదు. తనిఖీని ఆపే ఉపాయాల కోసం వెతక్కండి, చిరునామా మార్చండి.

జట్టులో ఒక్కొక్కరి దగ్గర ఒక్కో మేవెన్ ఉంది. ఏం చేయాలి?

రూట్‌లో ఒకసారి "ఎంవీఎన్ రాపర్:రాపర్" నడిపి, వచ్చిన ఫైళ్లను గిట్‌లో పెట్టండి. ఇక అందరూ ఎంవీఎన్ బదులు ఎంవీఎన్‌డబ్ల్యూ వాడితే ప్రాపర్టీల ఫైల్లో రాసిన వెర్షన్ దానంతటదే దిగుతుంది. లినక్స్‌లో "పర్మిషన్ డినైడ్" వస్తే ఆ స్క్రిప్టుకు ఎగ్జిక్యూట్ అనుమతి లేనట్టు. విండోస్ నుంచి గిట్‌లో చేర్చిన వాళ్ల వల్ల ఇది తరచూ జరుగుతుంది. రాపర్ మేవెన్ వెర్షన్‌ను మాత్రమే ఖాయం చేస్తుంది, జావా ఎవరిది వారిదే.